దవాఖాన సౌకర్యం కలదు

మా బావకు కాదనడం తెలియదు. ఇది ఆయన మంచితనం గురించి చెబుతున్న మాట కాదు. కల్వకుర్తి బస్టాండు దగ్గర ఆయన పెట్టిన మైకు సెట్టు దుకాణం మెట్లు ఎవరు ఎక్కినా, ఏం చాటించమని అడిగినా, "అట్లనే, ఎప్పట్నుంచి?" అనడం ఒక్కటే ఆయనకు వచ్చు. పక్కనే కూర్చున్న నన్ను మాటవరసకైనా అడిగేవాడు కాదు. చాటాల్సిన గొంతు మాత్రం నాది. ఇన్నేళ్ళ తర్వాత రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతూనే ఉంది.

మాది మోత్కూరు దిక్కు పల్లె. ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. టపాలో వచ్చే పాత పేపరును పదిమందికి గట్టిగా చదివి వినిపించే పని చిన్నప్పుడే నా నెత్తిన పడింది. కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని చదివితే అవతలి వాడలో బర్రెలు పిండేవాళ్ళకు కూడా వినపడేది. మా అక్కను కల్వకుర్తికి ఇచ్చారు. పెళ్ళి తర్వాత మొదటిసారి మా ఇంటికొచ్చిన బావ నా పేపరు చదువు విని, "మామా, వీన్ని నాతోని తోలియ్యి. గింత గొంతు ఊకె పోతాంది" అన్నాడు. కొత్త అల్లుడు నోరు తెరిచి అడిగితే మా బాపు ఏమంటాడు? నన్ను బియ్యం మూటతో పాటు బస్సెక్కించాడు.

బావ దగ్గర ఒక ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకరు గొట్టాలు, లారీది పాత బ్యాటరీ ఉండేవి. పెళ్ళిళ్ళ కాలంలో పందిళ్ళకు కిరాయికి పోయేవి. పెళ్ళిళ్ళు లేనప్పుడు చాటింపు. టాంగా మీద ముందుకొక గొట్టం, వెనక్కొక గొట్టం కట్టి, బ్యాటరీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, ముందు ఒక పాట రికార్డు వేసేవాళ్ళం. జనం పోగవగానే పాట ఆపి నేను ఎత్తుకునేవాణ్ణి. "యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా..."

టాంగా నడిపేది ఒక ముసలాయన. నేను చాచా అని పిలిచేవాణ్ణి. ఆయనకు ఒక్కతే బిడ్డ, రాళ్ళు కొట్టే పనివాడికి ఇచ్చి చేశాడు, ఊళ్ళోనే ఉండేవారు. మైకు మోతకు బెదరకుండా చాచా గుర్రం చెవుల్లో దూది పెట్టేవాడు. తన చెవుల్లో పెట్టుకునేవాడు కాదు. అదేంది చాచా అంటే, "నువ్వు చెప్పేది ఇనకపోతే ఊళ్ళె ఏమైతాందో నాకెట్ల ఎర్కైతది బేటా" అనేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పిందే చెబుతుంటే, ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తల ఊపేవాడు.

ఇక బావ ఒప్పుకున్న గిరాకుల సంగతి. టెంటు సినిమా సరే, అది అందరూ ఒప్పుకునేదే. నల్లుల మందు వచ్చింది. ఆ మందు మా ఇంట్లో మంచాలకే వేసి చూశాం. నల్లులకు ఏమీ కాలేదు, మా అక్కకు మాత్రం దద్దుర్లు వచ్చాయి. ఆ మర్నాడే "ఒక్క దెబ్బకు నల్లులు మాయం" అని నాతో చాటించాడు. తర్వాత జుట్టు మొలిచే నూనె. దాన్ని బేరం చేసేటప్పుడు బావ తన బట్టతల మీద తువ్వాలు కప్పుకున్నాడు. అమ్మేవాడు చూసి నొచ్చుకుంటాడని.

ఎన్నికలప్పుడైతే నా తల కొట్టేసినట్టయింది. పొద్దున ఒక అభ్యర్థి, మధ్యాహ్నం నుంచి ఆయన మీద నిలబడ్డ ఇంకొకాయన. ఇద్దరికీ మాట ఇచ్చింది బావే. హోటలు దగ్గర టాంగా ఆపి, చాయ తాగే లోపల ఒకరి జెండాలు పీకి ఇంకొకరివి కట్టేవారు. పొద్దున "మన ఇంటి బిడ్డ" అన్న గొంతుతోనే, అదే వాడలో, మధ్యాహ్నం దాటాక, ఆ ఇంటి బిడ్డ ఊరికి చేసిన ద్రోహాలు చెప్పాలి. "సిగ్గైతలేదా బావా?" అని అడిగాను. "సిగ్గెందుకు? మైకు మనది, మాట వాళ్ళది" అన్నాడు. ఆ మాట ఆయనకు అన్నిటికీ మందు. ఏ గొడవ వచ్చినా అదే తీసి రాసేవాడు.

నాకు బావ మీద ఎంత కోపమో, జనం మీద కూడా అంత కోపం వచ్చేది. ఎందుకంటే వాళ్ళు గొట్టంలో నుంచి ఏది వచ్చినా సర్కారు మాటే అనుకునేవారు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. మశూచి టీకాలు వేసేటప్పుడు తాలూకా వాళ్ళు మా టాంగానే మాట్లాడుకున్నారు. పంచాయతీ పన్ను గడువు మా టాంగా మీదే చాటించారు. ఆ మాటలూ నేనే చెప్పాను, "యావన్మంది ప్రజలకు" అనే ఎత్తుకున్నాను. మునుపు డప్పు చాటింపులో ఇది ఎవరి హుకుమో ముందు చెప్పి తర్వాత సంగతి చెప్పేవారు. మా బావ వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఎవరి మాటో చెబితే టైము దండుగ అని ఆయన లెక్క.

అందుకని ఊళ్ళలో మా టాంగా ఆగితే ముసలివాళ్ళు వచ్చి దండం పెట్టేవారు. ఒకాయన తన పట్టా కాగితం నా చేతికిచ్చి, "జర తహసీల్దారు సాబుకు నువ్వే చెప్పు సారూ" అన్నాడు. పళ్ళపొడి చాటించిన మరుసటి వారపు అంగడి రోజు ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, భయం భయంగా, "బిడ్డా, గా పళ్ళపొడి కొనకపోతె జుర్మానా ఉంటదా? నాకు పండ్లే లెవ్వు" అని అడిగింది. నేను ఇంటికి వచ్చి ఇది బావకు కోపంగానే చెప్పాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నిజానికి నాకూ నవ్వు వచ్చింది, అందుకే ఇంకా కోపం వచ్చింది.

నందికొండ దగ్గర డ్యాము లేస్తున్న రోజులవి. దానికి కాలువలు తవ్వే పనుల్లో చిన్నా పెద్దా గుత్తేదారులు ఎందరో ఉండేవారు. మా దిక్కు నుంచి మట్టి పనికి పోవడం కొత్త కాదు. ఎక్కడ కట్ట పోసినా, ఎక్కడ గట్టు తవ్వినా పాలమూరు జనం ఉండేవారు. ఆ ఏడు వానలు కూడా మొండి చెయ్యి చూపించాయి. ఆముదాలు మొలక దగ్గరే మాడిపోయాయి. అటువంటి సమయంలో ఒక గుత్తేదారు మనిషి మా దుకాణం మెట్లెక్కాడు. తెల్లని ధోవతి, నోట్లో పాను, మాటలో చక్కెర. కాలువ పనికి జంటలు కావాలన్నాడు. మొగుడూ పెళ్ళాం కలిసి రావాలి, ఆయన తవ్వాలి, ఆమె మొయ్యాలి. చాటాల్సిన మాటలు కాగితం మీద రాసి తెచ్చాడు. గుడిసెలు ఇస్తారు, తిండి గింజలు ఇస్తారు, దవాఖాన సౌకర్యం కలదు.

"అట్లనే, ఎప్పట్నుంచి?" అన్నాడు బావ.

దసరాకు ముందు మొదటి విడత చాటించాను. ఆ కాగితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఆ దవాఖానే. మా ఊళ్ళలో కాన్పు కష్టమైతే ఎడ్లబండి కట్టుకుని ఎంతెంత దూరం పోవాలో నాకు తెలుసు. కాబట్టి ఆ మాట దగ్గర గొంతు పెంచి, ఒకటికి రెండుసార్లు పలికేవాణ్ణి. లారీల నిండా జనం పోయారు.

దసరాకు ఆ గుత్తేదారు తన క్యాంపులో ఆయుధపూజ పెట్టుకుని మైకు సెట్టు కావాలన్నాడు. బావ, నేను సామాను లారీలో వేసుకుని దేవరకొండ మీదుగా పోయాం. తడికెల గుడిసెలు వరుసగా ఉన్నాయి, వంగితే తప్ప మనిషి లోపలికి పట్టడు. నీళ్ళ పీపా దగ్గర ఆడవాళ్ళు కుండలతో ఎండలో నిలబడ్డారు. వాటి వెనుక ఒక రేకుల షెడ్డుకు బోర్డు ఉంది. దవాఖాన అని ఎర్ర రంగుతో, పెద్ద అక్షరాలతో రాశారు. నాకు సంతోషమేసి చూద్దామని పోయాను. లోపల సిమెంటు బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఒక మూల గడ్డపారలు, తట్టలు. మంచం లేదు, మందు సీసా లేదు, మనిషి లేడు.

షెడ్డు పక్క గుడిసెలో ఒకతను కాలు చాపుకుని పడుకుని ఉన్నాడు. పాదం మీద బండ పడిందట. పసుపు పెట్టి చీర పేలికతో కట్టారు, అది నల్లగా తడిసి ఉంది. పూజ మైకులో నేను హలో హలో అన్నప్పుడే గొంతు గుర్తుపట్టాడట. నన్ను చూడగానే మోచేతి మీద లేచాడు. "నువ్వు కల్వకుర్తి మైకు సారువు గద! వచ్చినవా సారూ? దవాఖాన ఎప్పుడు తెరుస్తరు?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నేను తిట్టించుకోవడానికి సిద్ధపడి ఉన్నాను, అతను మాత్రం నేను దవాఖాన తెరవడానికే వచ్చానని నిజంగా అనుకుంటున్నాడు. నేను ఏదో గొణిగి బయటికి వచ్చాను. గుత్తేదారు మనిషిని పట్టుకుని అడిగితే, "డాక్టరు వస్తడయ్యా, రాకపోతడా, బోర్డు రాపిచ్చినం గద" అన్నాడు. పాను ఊసి, కొబ్బరికాయలు వచ్చాయా లేదా చూడమని ఎవరినో కేకేశాడు.

లారీలో తిరిగి వచ్చేటప్పుడే బావతో చెప్పాను. ఆయన నిద్ర నటించాడు. ఇంటికి వచ్చాక అక్క అన్నం పెడుతుంటే మళ్ళీ ఎత్తుకున్నాను. ఇంతలో రెండో విడతకు కూడా ఆయన మాట ఇచ్చేశాడని తెలిసింది. క్యాంపులోనే, నేను ఆ గుడిసెలో ఉన్నప్పుడే ఇచ్చాడు.

"నేను చెప్ప" అన్నాను.

"ఏం మునిగిందిరా ఇప్పుడు? మైకు మనది, మాట..."

"గొంతు నాది. గా మనిషి నా గొంతును గుర్తుపట్టిండు గని గుత్తేదారుని గుర్తుపట్టలె."

బావ అన్నం కలపడం ఆపాడు. "సరే, వానలున్నయా ఈడ? పని ఉన్నదా? నువ్వు చాటకపోతె వాళ్ళు ఈడ్నే ఎండాలె. ఎండుమంటవా?"

ఆ మాట నాకు తగిలింది. బావ వెర్రివాడు కాదు, అందుకే ఆయనతో వాదించడం అంత చికాకు. "పోవద్దని నేను అంటలే బావా. దవాఖాన అన్న మాట ఒక్కటి తీసెయ్యుమను. మిగిలింది రోజంత చాటుత."

"ఒకటి చెప్పు" అన్నాడు ఆయన. "గుత్తేదారుకు గిట్ల వంకపెడ్తివి. రేపు పళ్ళపొడోనికి పెడ్తవు, ఎల్లుండి సినిమాకు పెడ్తవు. ఒక్కొక్కన్ని వద్దనుకుంట పోతె మిగిలేది దేవుని ఉత్సవమొక్కటే. దానికి కిరాయియ్యరు, పులిహోర పెడ్తరు."

అక్క నా కంచంలో పప్పు వేస్తూ, "నీకు ఇష్టం లేకపోతె మానుకో తమ్మీ. ఆయన్ను మాత్రం ఏమనకు. ఈ ఇల్లు ఆ గొట్టాల మీదనే నడుస్తాంది" అంది. అక్క మాట మెత్తగానే ఉంది. కానీ ఆ తర్వాత నేను కంచం పక్కకు జరిపాను.

మర్నాడు గుత్తేదారు మనిషి వస్తే నేనే ఎదురుపోయి అడిగాను, ఆ ఒక్క మాట తీసేద్దామని. అతను నవ్వాడు. "అదే తీసేస్తె ఇంకేముందయ్యా అండ్ల? దవాఖాన లేదంటె ఆడోళ్ళు కదలరు. ఆడోళ్ళు రాకుంటె మొగోళ్ళు నాలుగు దినాలు గూడ నిలువరు." ఆ మాట కాగితంలో పొరపాటున రాలేదు. గాలానికి ఎర గుచ్చినట్టు గుచ్చి ఇచ్చాడు, నేను దాన్ని ఊరూరా తిప్పాను.

నేను మైకు పట్టనన్నాను. బావ నన్ను బతిమాలలేదు, తిట్టలేదు. నాటకాల్లో పద్యాలు పాడే ఒకాయనను మాట్లాడుకుని వచ్చాడు. అదే టాంగా, అవే గొట్టాలు, అదే పాట రికార్డు. ఆయన ప్రతి మాట చివర రాగం తీసేవాడు. నేను దుకాణంలో కూర్చుని తెగిన వైర్లు అతుకుతుంటే, ఎక్కడో పాలెం వైపు నుంచి "దవాఖాన సౌకర్యం కలదూ..." అని గాలికి తేలి వచ్చేది.

నేను మానేస్తే ఊరు కాస్తయినా ఉలిక్కిపడుతుందనుకున్నాను. చాటింపు మారిందేమని ఎవరైనా అడుగుతారనుకున్నాను. అడిగారు. హోటలు దగ్గర ఒకాయన జాలిగా చూసి, "గొంతుకు జలుబు చేసిందా సారూ? మిరియాల కషాయం తాగరాదు" అన్నాడు. ఇంకొకామె తులసాకు తెచ్చి ఇచ్చింది. నేను ఒక పెద్ద పని చేశానని నాకు నేను అనుకుంటుంటే, ఊరంతా నాకు జలుబు చేసిందనుకుంటోంది. ఎవరితో ఏమని పోట్లాడాలో తెలియక తులసాకు నమిలాను.

అప్పుడు చాచా వచ్చాడు. టాంగా విప్పి, గుర్రానికి గడ్డి వేసి, దుకాణం గడప మీద కూర్చున్నాడు. సంతోషంగా ఉన్నాడు. అంగడి నాడు పోయే లారీలో తన బిడ్డను, అల్లుణ్ణి పంపుతున్నానన్నాడు. బిడ్డకు నెలలు నిండుతున్నాయని నాకు తెలుసు.

"గిసొంటి టైముల ఎందుకు చాచా?"

"అందుకే గద బేటా! ఈడ కష్టమైతె నేనేం జేస్త? ఆడ దవాఖాన ఉన్నది. అల్లుడు పని చేసుకుంటడు, పిల్ల కాన్పు దవాఖానల ఐతది."

నేను అతుకుతున్న వైరు కింద పెట్టేశాను. ఆ టాంగా మీద రోజూ కూర్చునే మనిషి! గుత్తేదారు మనిషి మెట్లెక్కడం చూశాడు, కాగితం చేతులు మారడం చూశాడు, పొద్దున ఒకరి జెండా, మధ్యాహ్నం దాటాక ఇంకొకరి జెండా కట్టింది ఆయన టాంగాకే. అయినా నమ్మాడు. ఊళ్ళో ఎవరు నమ్మినా అర్థం చేసుకోగలను, ఈయన నమ్మడమేమిటి?

"చాచా, ఆడ దవాఖాన లేదు. నేను పోయి చూసిన. షెడ్డు నిండ సిమెంటు బస్తాలున్నయ్."

"మరి నువ్వే చెప్తివి గద మైకుల."

"అది వాళ్ళు రాసిచ్చింది. నేను సదివిన, అంతే."

చాచా ఒక వేలు మడిచాడు. "మశూచి టీకాలది?"

"అది సర్కారోళ్ళు రాసిచ్చింది."

"మరి నువ్వు చెప్పేది ఏది బేటా?"

వెటకారం ఆ మనిషికి చేతకాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మళ్ళీ ఆయనే నా భుజం తట్టి, "నీకు మీ బావకు లొల్లైంది, నాకెర్కే. కోపంల అంటున్నవు. ఫికర్ జెయ్యకు, అంత సర్దుకుంటది" అని లేచాడు. నేను వెనకాలే పోయి అల్లా మీద, దేవుళ్ళ మీద ఒట్లు పెట్టి చెప్పాను. ఆయన తల ఊపాడు. మైకు విన్నప్పుడు ఊపినట్టే ఊపాడు, ఇక ఇంటికి పోయి మూటలు కట్టించి ఉంటాడు.

అంగడి రోజు రానే వచ్చింది. ఎడ్ల అంగడి పక్కన లారీ ఆగి ఉంది. అప్పటికే సగం నిండింది. కుండలు, పారలు, ఒకరి ఒడిలో కోడి. దాని పక్కనే మా టాంగా, ఆంప్లిఫయరు దగ్గర బావ, గొట్టాలు లారీ వైపు తిప్పి ఉన్నాయి. పద్యాలాయన గొంతు ఎండిపోయి చాయకు దిగాడు. చాచా బిడ్డ లారీలో వెనుక చెక్కను ఆనుకుని కూర్చుని ఉంది, ఆమె మొగుడు మూటలు సర్దుతున్నాడు. నాకు ఇంకేమీ తోచలేదు. టాంగా ఎక్కి మైకు పట్టుకున్నాను. అలవాటున నోరు "యావన్మంది" అని ఎత్తుకుంది.

"యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఇది సర్కారు పని కాదు. గుత్తేదారు పని. పోయేటోళ్ళు పోవచ్చు. గని ఆడ దవాఖాన లేదు. కాలు ఇరిగినా, కాన్పొచ్చినా చూసే దిక్కు లేదు. నేను కండ్లార చూసి చెప్తున్న."

బేరాలు ఆపి జనం గొట్టాల వైపు తిరిగారు. బావ ఆంప్లిఫయరు స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు, కానీ ఎందుకో నొక్కలేదు. ఆయన మొహంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. లారీ పక్కన నిలబడ్డ గుత్తేదారు మనిషి మాత్రం బెదరలేదు, కోప్పడలేదు. పాను నమలడం ఆపి, లారీలో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, నవ్వుతూ అన్నాడు. "అవుతలి కాలువ గుత్తేదారు ఈనకు కిరాయిచ్చినట్టున్నడు! మనోళ్ళు ఆయన పనికి పోవాల్నని."

జనం నవ్వారు. గుండె బరువు దిగినట్టు నవ్వారు. అదీ సంగతి, ఇప్పుడు అర్థమైంది అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్ని రోజులు పళ్ళపొడి, నల్లుల మందు, ఇంటి బిడ్డ, ఇంటి బిడ్డ చేసిన ద్రోహాలు, అన్నీ విన్నారు. ఎవడు కిరాయిచ్చాడని ఒక్కడు అడగలేదు. కిరాయి లేకుండా నోరు తెరిచిన రోజు అడిగారు. నాకు ఏడుపు వచ్చింది. మైకు తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

చాచా టాంగా దగ్గరికి వచ్చి మెల్లగా, "నిజం చెప్పు బేటా, ఎవలిచ్చిన్రు?" అన్నాడు.

"ఎవలియ్యలె చాచా!"

"ఎవలియ్యకుంటె ఎందుకు చెప్తవు?"

నా చేతిలో మైకు ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఆ మాట అంగడంతా వినపడింది. మళ్ళీ నవ్వారు. అప్పుడు లారీలో నుంచి చాచా బిడ్డ నన్ను పిలిచింది. అంత గోలలో ఆ పిలుపు సన్నగా వినిపించింది.

"అన్నా. అది బంద్ జేసి, ఈడికొచ్చి చెప్పు."

నేను మైకు చాచా చేతిలో పెట్టి దిగాను. లారీ దగ్గరికి పోయి చెక్క పట్టుకుని నిలబడ్డాను. మైకు లేకుండా మాట్లాడాలంటే గొంతు ఎంత పెట్టాలో కూడా నాకు తెలియలేదు. "చెల్లె, ఆడ దవాఖాన అని బోర్డు ఉన్నది. తలుపు తీస్తె సిమెంటు బస్తాలున్నయ్. నేను చూసిన. అంతే" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత తన కొంగు ముడి సర్దుకుని, మూట తీసి నా చేతికి అందించింది.

మొగుడు గొడవపడ్డాడు. గుత్తేదారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు సంగతేమిటన్నాడు. "నువ్వు పో. నేను రాను" అందామె. అంతకన్నా వాదించలేదు. చాచా మైకు టాంగా మీద పెట్టి వచ్చాడు, ఇద్దరం చెరొక చెయ్యి పట్టి ఆమెను మెల్లగా దింపాము. బిడ్డ మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తూ చాచా నిలబడ్డాడు. ఆమె మొగుడు లారీలోనే ఉండిపోయాడు.

ఆమె పక్కన కూర్చున్న ఇంకొకామెకు కూడా కడుపు ఎత్తుగా ఉంది. మూట దిగడం చూసి, గోలలో నా మాట సరిగ్గా వినపడక, చెక్క మీదుగా నా వైపు వంగింది. "ఏమంటున్నవు అన్నా?" అంది. నేను అడుగు ముందుకు వేసి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే చాయ తాగి వచ్చిన పద్యాలాయన మైకు అందుకున్నాడు. నా వెనుక నుంచి రెండు గొట్టాలూ ఒక్కసారి మోగాయి. "దవాఖాన సౌకర్యం కలదూ..." ఆమె నా మొహం మీద నుంచి చూపు తీసి, తల ఎత్తి గొట్టం వైపు చూసింది. లారీ కదిలింది. నేను దాని వెంట కొంత దూరం పరిగెత్తుతూ లేదు, లేదు అని అరిచాను. ఆమె నా వైపు తిరగలేదు, మైకు చెప్పేది వింటూనే పోయింది.